చెరిపేసినా మళ్లీ వచ్చే చెక్ ఇంజిన్ లైటు

(ఆదివారం సాయంత్రం గ్రూప్ కాల్‌లో మెకానిక్ అన్న చెప్పిన మాటలు. షిఫ్టు వల్ల రాలేకపోయినవాళ్ల కోసం రాసి పెడుతున్నాం.)

నైట్ షిఫ్టు వాళ్లు నిద్ర మానుకుని కాల్‌లోకి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను. గ్రూపులో ఈమధ్య వచ్చిన ప్రశ్నలన్నీ చదివాను. బండి వేరు, ఊరు వేరు, ప్రశ్న మాత్రం ఒకటే. "అన్నా, చెక్ ఇంజిన్ లైటు తీయించాను, మళ్లీ వచ్చింది."

ఆ "తీయించాను" అన్న మాట దగ్గరే ఉంది చిక్కంతా. లైటు ఆర్పించడం వేరు, రోగం నయం చేయించడం వేరు. స్కానర్ పెట్టి కోడ్ చెరిపేయడం రెండు నిమిషాల పని. బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెట్టినా లైటు పోతుంది. కానీ బండిలో కంప్యూటర్ అక్కడితో ఊరుకోదు, తన పరీక్షలు మళ్లీ మొదలుపెడుతుంది. చాలా లోపాల్లో వరసగా రెండు ట్రిప్పుల్లో అదే తప్పు కనిపిస్తే లైటు వేస్తుంది. అందుకే ఈ రోజు చెరిపిస్తే రేపో ఎల్లుండో తిరిగొస్తుంది. ఇంకో నష్టం కూడా ఉంది. లోపం వచ్చిన క్షణంలో బండి ఎంత స్పీడులో ఉంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది అన్న లెక్క కంప్యూటర్ దాచిపెడుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటాం. కోడ్ చెరిపితే అదీ పోతుంది. దొంగ వేలిముద్రలు మనమే తుడిచేసినట్టు.

ముందు ప్రాణం సంగతి. లైటు పసుపు రంగులో నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే, ఆయిలు, కూలెంట్ చూసుకుని షిఫ్టుకు వెళ్లి రావచ్చు, ఆ వారంలో చూపించండి. లైటు మినుకుమినుకుమంటూ కొట్టుకుంటుంటే మాత్రం ఇంజిన్ మిస్ ఫైర్ అవుతోంది. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి, అక్కడున్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. అది కరిగిందంటే ఖర్చు డాలర్లలో కాదు, వారాల జీతంలో లెక్కపెట్టుకోవాలి. యాక్సిలరేటర్ తగ్గించండి, తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, బండి ఆపి టో చేయించండి. నలుగురు కలిసి పూలింగ్‌లో వెళ్తున్నా సరే, "ఇంకెంత, పది కిలోమీటర్లేగా" అనొద్దు. ఎర్ర రంగు ఆయిల్ లైటు, టెంపరేచర్ లైటు వస్తే ఎగ్జిట్ దాకా కూడా కాదు, ఎక్కడ పక్కకు తీయగలిగితే అక్కడే తీసి ఇంజిన్ ఆపేయండి.

ఇప్పుడు కోడ్ దగ్గరికి వద్దాం. కెనడాలో 1998 మోడల్ నుంచి కార్లకు స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది. ఇరవై, ముప్ఫై డాలర్ల చిన్న స్కానర్ దానికి తగిలిస్తే ఫోన్‌లోనే కోడ్ కనిపిస్తుంది. రూములో నలుగురికి కలిపి ఒకటి చాలు. కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ రెండూ స్క్రీన్‌షాట్ తీసుకోండి. చెరపకండి.

కోడ్ అనేది ఫిర్యాదు మాత్రమే. తప్పు ఎవరిదో అది చెప్పదు. మనవాళ్లు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఉదాహరణకు పి0171 వస్తుంది. ఇంజిన్‌లో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దాని అర్థం. వెంటనే "ఆక్సిజన్ సెన్సర్ మార్చు" అంటారు. ఆ సెన్సర్ ఉన్నమాట చెప్పింది, అంతే. కబురు తెచ్చినవాణ్ణి కొడితే ఏం లాభం? ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి గాలి లోపలికి దొంగతనంగా వస్తుంటుంది. మన చలికి రబ్బరు బిగుసుకుపోతుంది. పొద్దున మైనస్ ఇరవైలో లీక్ అయ్యి, ఇంజిన్ వేడెక్కాక మూసుకుపోయే లీకులు కూడా ఉంటాయి. మధ్యాహ్నం గ్యారేజీలో చూస్తే ఏమీ దొరకదు. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఇంజిన్ వేడి తక్కువగా ఉందా అని చూస్తే ఈ సంగతి బయటపడుతుంది. అలాంటప్పుడు బండి రాత్రంతా గ్యారేజీ బయట పెట్టి, పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడమనండి.

పి0301 అంటే ఒకటో సిలిండర్ మిస్ ఫైర్. చాలా బండ్లలో ప్రతి సిలిండర్‌కి ఒక కాయిల్ విడిగా ఉంటుంది. ఒకటో కాయిల్, రెండో కాయిల్ అటూఇటూ మార్చి చూస్తారు. కోడ్ పి0302 అయిందా, కాయిల్‌దే తప్పు. పి0301గానే ఉందా, ప్లగ్గు, ఇంజెక్టర్ చూడాలి. ఈ పరీక్షకు కొత్త పార్టు ఏదీ అక్కర్లేదు. ఇది చేయకుండానే నాలుగు కాయిల్స్ మార్చాలి అంటే, ఎందుకు అని అడగండి.

చలికాలంలో పి0128 బాగా కనిపిస్తుంది. ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కడం లేదని. కూలెంట్ తక్కువైనా వస్తుంది, థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయినా వస్తుంది. హీటర్ గోరువెచ్చగా వస్తోందంటే అనుమానం థర్మోస్టాట్ మీదే. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీయొద్దు, ముఖం కాలుతుంది.

పి0455, పి0442 లాంటివి పెట్రోలు ఆవిరి లీక్ కోడ్‌లు. మొదట గ్యాస్ క్యాప్ చూడండి, రబ్బరు పగిలిందేమో, క్లిక్‌మనే దాకా తిప్పారో లేదో. బిగించగానే లైటు పోదు, కొన్ని రోజులు నడవనివ్వండి. ఇందులో మన దేశపు చలి చేసే చిత్రం ఒకటుంది. ట్యాంక్ మరీ నిండుగా ఉన్నా, మరీ ఖాళీగా ఉన్నా, బయట బాగా చలిగా ఉన్నా ఈ పరీక్షను కంప్యూటర్ మామూలుగా చేయదు. జనవరిలో చెరిపిస్తే లైటు నెలల తరబడి రాకపోవచ్చు, ఏప్రిల్‌లో మంచు కరగగానే ప్రత్యక్షమవుతుంది. కొత్త రోగం కాదది, పాతదే.

ఇక అందరినీ భయపెట్టే పి0420. క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పని చేయడం లేదని చెప్పే కోడ్. ఇది వచ్చిందని కన్వర్టర్ కొనేయకండి. మన రోడ్ల మీద పోసే ఉప్పుకి సైలెన్సర్ పైపులు తుప్పు పట్టి చిల్లులు పడతాయి. సెన్సర్‌కు ముందు చిల్లు ఉంటే లెక్క తప్పి ఇదే కోడ్ రావచ్చు. మిస్ ఫైర్ ఉన్నా, ఇంజిన్ ఆయిలు తాగుతున్నా కన్వర్టర్ పాడవుతుంది. ఆ మూలం వదిలేసి కొత్తది వేస్తే అదీ పోతుంది. చవక కన్వర్టర్లతో ఆరు నెలల్లో లైటు మళ్లీ వచ్చిన బండ్లు నా చేతి మీదుగా చాలానే పోయాయి. బండి మరీ పాతది కాకపోతే వారంటీ పుస్తకం తీయండి. కన్వర్టర్‌కీ, ఇంజిన్ కంప్యూటర్‌కీ 8 ఏళ్లు లేదా 130,000 కిలోమీటర్ల వారంటీ ఇచ్చే కంపెనీలు ఇక్కడ ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా అడిగి చూడండి.

"ఒంటారియోలో 2019 ఏప్రిల్ 1 నుంచి మన కార్లకు డ్రైవ్ క్లీన్ పొగ టెస్టే తీసేశారుగా, లైటు ఉంటే ఏం?" అని ఒక తమ్ముడు రాశాడు. టెస్ట్ తీసేసిన మాట నిజమే. కానీ గ్యాస్ క్యాప్ కోసం వెలిగిన లైటును ఏడాది అలాగే వదిలేస్తే, రేపు నిజంగా పెద్ద లోపం వచ్చినా వెలగాల్సింది అదే లైటు. అది ముందే వెలుగుతోంది, మీకెలా తెలుస్తుంది?

గ్యారేజీలో మీ హక్కుల సంగతి. ఒంటారియో వినియోగదారుల రక్షణ చట్టం, 2002 ప్రకారం పని మొదలుపెట్టే ముందు రాతపూర్వక ఎస్టిమేట్ అడగొచ్చు. ఎస్టిమేట్ ఇచ్చాక మీ అనుమతి లేకుండా బిల్లు దానికి 10 శాతం మించి పెరగకూడదు. మార్చిన పాత పార్టులు కావాలని ముందే చెప్పండి. వేసిన పార్టుకీ, చేసిన పనికీ కనీసం 90 రోజులు లేదా 5,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, గ్యారంటీ ఉంటుంది. అదే పనికి, అదే కోడ్ ఆలోపు తిరిగొస్తే బిల్లు పట్టుకుని అక్కడికే వెళ్లండి. పార్కింగ్ లాట్‌లో క్యాష్‌కి చేసే మెకానిక్ మంచి పనివాడే కావచ్చు, కానీ బిల్లు లేకపోతే చేసింది తనేనని రుజువు ఎలా చూపిస్తారు? డయాగ్నసిస్‌కి డబ్బులు అడిగితే మాత్రం మోసం అనుకోకండి. కోడ్ చదవడం సులువు, కారణం వెతకడానికి గంట పట్టొచ్చు. "ఏ పరీక్ష చేసి ఈ పార్టు పోయిందని తేల్చారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు "కోడ్ అదే చెప్పింది" అయితే ఇంకో చోటికి వెళ్లండి.

పాత బండి కొనేవాళ్లకు ఒక్క మాట. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైటు వెలగాలి. వెలగకపోతే ఎవరో దాన్ని పని చేయకుండా చేశారేమో చూసుకోవాలి. స్కానర్ పెట్టినప్పుడు పరీక్షలన్నీ "నాట్ రెడీ" అని చూపిస్తే నిన్నమొన్నే చెరిపి ఉంటారు, లేదా బ్యాటరీ తీసి ఉంటారు. కొన్ని రోజులు నడిపాక మళ్లీ చూపించమనండి. సేఫ్టీ సర్టిఫికెట్ ఉందిగా అంటారు. అది బ్రేకులు, టైర్లు, స్టీరింగ్ లాంటివి చూసి ఇచ్చే కాగితం, ఇంజిన్‌కు గ్యారంటీ కాదు.

గ్రూపులో అడిగేటప్పుడు బండి పేరు, ఏ సంవత్సరం, ఎన్ని కిలోమీటర్లు, కోడ్, ఎప్పుడు వస్తోంది, ఇప్పటిదాకా ఏం మార్చారు, ఇవన్నీ రాయండి. ప్లేటు నంబరు కనిపించేలా ఫోటోలు పెట్టొద్దు. సరే, ప్రశ్నలు అడగండి. మొదట ఎడ్మంటన్ తమ్ముడు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నాడు, చెప్పు తమ్ముడూ.