ఊగే రైఫిల్ స్టాకుకు ఇంటి మరమ్మతు



నా చేతిలోని ఈ బూడిదరంగు దిమ్మను చూసి బెల్లపచ్చు అనుకునేరు. 2018లో అమెరికాలో నేను చెడగొట్టిన పనికి ఇది గుర్తు. రిటైరయ్యాక చేసిన చేతిపని గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగితే దీన్నే వెంట తెచ్చాను.

టెక్సాస్‌లో ఉన్న మా అబ్బాయికి జింకల వేట రైఫిల్ ఒకటి ఉంది. దాని స్టాకు, అంటే గొట్టాన్ని మోస్తూ భుజానికి ఆనే భాగం, పూర్వం చెక్కతో చేసేవారు. ఇప్పటి చవక రకాలకు ప్లాస్టిక్ పోతే. విప్పి చూస్తే ముందుభాగం లోపలంతా బోలు, నడుమ సన్నని అడ్డగోడలు. రెండు వేళ్లతో నొక్కితే వంగి గొట్టానికి తగులుతుంది. తూటా పేలినప్పుడు గొట్టం తీగలా అదురుతుంది. ప్రతిసారీ ఒకేలా అదిరితేనే తూటాలు ఒకచోట పడతాయి. స్టాకు ఒకసారి తగిలి, ఒకసారి తగలకపోతే గురి మారిపోతుంది. అంతకు ముందు ఏడు మావాడు కొట్టిన జింక గాయంతో పొదల్లోకి పోయి దొరకలేదట. రెండు రోజులు వాడికి అన్నం సయించలేదని కోడలు చెప్పింది. అసలు వేటే మానుకోరా అన్నాను, వినలేదు.

కొత్త స్టాకు రెండు వందల డాలర్ల పైమాటే. నేను బాగుచేస్తానంటే నవ్వాడు. ముప్పయి నాలుగేళ్లు ఫిట్టరుగా చేసినవాడికి ఆ నవ్వు కొంచెం గుచ్చుకుంది.

విజిటర్ వీసా మీద వెళ్లినవారు అక్కడ తుపాకీ దగ్గర ఉంచుకోరాదు. వేట లైసెన్సు వంటి మినహాయింపులున్నా నాకవి లేవు. అందుకని వాడే తూటాలు లేవని చూసి, విప్పి, గొట్టమూ యంత్రమూ బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఉత్త ప్లాస్టిక్ స్టాకు నాకిచ్చాడు.

బోలులో ఎపాక్సీ, అంటే మన అరాల్డైట్ వంటి రెండు ట్యూబుల జిగురు, నింపి ఆరబెట్టాను. మర్నాడు స్టాకును కొంచెం మెలిపెట్టి చూశానో లేదో, టక్కుమని దిమ్మకు దిమ్మ ఊడి చేతికొచ్చింది. అదే ఇది! నున్నని ప్లాస్టిక్‌ను జిగురు పట్టదు. ఫిట్టరునై ఉండి ఆ మాత్రం తోచలేదు.

రెండోసారి లోపలంతా గరుకు కాగితంతో గీకి, స్పిరిటుతో తుడిచాను. అడ్డగోడలకు చిన్న బెజ్జాలు వేశాను. జిగురు వాటిలోంచి అవతలికి పారి గడ్డకడితే ఇక ఊడి రాదు. గోడల్లో గాడి కోసి, బాణాలకు వాడే కార్బన్ పుల్లలు రెండు, స్లాబులో ఊచల్లాగా నిలువునా పరిచాను. ఒక్కసారే మందంగా పోస్తే జిగురు వేడెక్కి ప్లాస్టిక్ వంకర తిరగవచ్చు. అందుకని రెండు విడతలుగా, మధ్యలో ఒక రాత్రి ఆగి పోశాను. మరలు బిగించే చోట, ట్రిగ్గరు వైపు ఒక్క చుక్క పడకుండా పిల్లల ఆట మట్టితో కట్ట కట్టాను. మనవరాలు తన మట్టి కోసం పేచీ పెట్టింది, అది వేరే కథ. ఆరాక గుండ్రటి కర్రకు గరుకు కాగితం చుట్టి గొట్టం పడే గాడిని కాస్త వెడల్పు చేశాను.

వాడు బిగించాక పరీక్ష. డాలరు నోటును గొట్టానికీ స్టాకుకూ మధ్య దూర్చి లాగాలి. ఇదివరకు నొక్కితే నోటు ఇరుక్కునేది. ఇప్పుడెంత నొక్కినా సాఫీగా జారింది. మొత్తం ఖర్చు ముప్పయి అయిదు డాలర్లు, చెడిన జిగురుతో కలిపి.

రేంజిలో నూరు గజాల మీద వాడే కాల్చి చూశాడు. సంచి మీద ఆనించి కాల్చినప్పుడు పెద్ద తేడా ఏమీ రాలేదు, ఉన్నది చెప్పాలి. కాని పట్టీ చేతికి బిగించి లాగి కాల్చినప్పుడు ఇదివరకు గురి ప్రతిసారీ పక్కకు పోయేది, అది పోలేదు. ఇంటికొచ్చి, "బరువు పెరిగింది నాన్నా" అన్నాడు. మోసేది నువ్వే కదా అన్నాను. ఈసారి నవ్వింది నేను.