వరద సహాయమునకు వెళ్లువారితో
(ఎ.కొండూరు యువజనుల కూటములో చేసిన ప్రసంగము)



1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెను. వేలాది మంది చనిపోగా, మిగిలినవారికి బావులు ఉప్పుబారి గుక్కెడు మంచినీళ్లు కరువాయెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు, మేడలమీద చిక్కుకొన్నవారు చుట్టూ నీళ్లుండగానే తాగునీటికి అలమటించిరి. మన తండాలలో కిడ్నీ వ్యాధిని చూచుచున్న మనకు మంచినీటి విలువ వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి రేపు ఏ వరదకు వెళ్లినను మొదట నీళ్ల క్యానులు ఎక్కించండి.

పాత బట్టల మూటలు మాత్రము వద్దు. మనము కట్టని చిరుగుల చీర వారెందుకు కట్టవలెను? బయలుదేరక ముందే అక్కడి సంఘ కాపరికి ఫోన్ చేసి, ఏ వీధికి ఏమి అందలేదో అడగండి. రోడ్డు ప్రక్కవారికి పదిమంది ఇత్తురు. లోపలి సందులవారి సంగతి ఎవరికిని పట్టదు.

మీ అన్నము, మీ నీళ్లు, మీ పడకలు మీరే తీసుకొని వెళ్లండి. కాళ్లకు పుండ్లున్నవారు ఆ నీటిలో దిగరాదు. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన ప్రమాదకరమైన జ్వరము వచ్చును. అట్టివారు ఇక్కడనే ఉండి పొట్లాలు కట్టవచ్చును, అదియు పనియే.

మొదటి లారీ ఎక్కుటకు అందరును వత్తురు. నీళ్లు తీసిన తరువాత పార, చీపురు, బ్లీచింగు పొడి పట్టుకొని ఇండ్లలో బురద ఎత్తుటకు ఎవరు వత్తురో, వారి పేర్లు ఈ పూటనే వ్రాసి ఇయ్యండి.