పూసలు బాగానే ఉన్నాయి, మరి దండ ఎందుకు తెగింది?

పోయిన ఎపిసోడ్‌లో సిల్క్ థ్రెడ్ గాజులు చేశాం కదా. ఆ తర్వాత ఎక్కువ మంది అడిగింది ఒకటే. "అక్కా, నేను చేసిన దండ రెండుసార్లు వేసుకునేసరికి ఊడిపోతోంది, పూసలు మంచివి కావా?" అని. పూసలది తప్పు కాదు. నాకూ ఇలాగే అయింది, ముందు అది చెప్తాను.

మా పెద్దమ్మ కూతురి నిశ్చితార్థానికి ముత్యాల దండ చేశాను. మూడు వరసలు, మధ్యలో కుందన్ లాకెట్. డబ్బు తీసుకుని చేసిన మొదటి దండ అది, 1200 రూపాయలు. ఉంగరాలు మార్చుకుంటున్నప్పుడు అక్క కొంచెం ముందుకి వంగింది. అంతే, దండ జారి అక్షింతల పళ్ళెంలో పడింది. పక్కనున్న ఓ పెద్దావిడ "అయ్యో, ఇదేం శకునం" అనేసింది. పెద్దమ్మ గబగబా తన మెళ్ళో గొలుసు తీసి అక్కకి వేసింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను, నిజం చెప్తున్నా.

ఇంటికొచ్చి చూస్తే ఒక్క ముత్యం కూడా పోలేదు. హుక్ దగ్గరున్న చిన్న జంప్ రింగు నోరు వెంట్రుకంత తెరుచుకుని ఉంది. లాకెట్ బరువుకి దారం ఆ సందులోంచి జారిపోయింది.

ఆ రింగుని నేను ఎలా తెరిచానంటే, రెండు చివర్లనీ చెరో పక్కకి లాగాను. అలా లాగితే గుండ్రం పోతుంది, మళ్ళీ నొక్కినా సరిగ్గా మూసుకోదు. ఇలా చూడండి. రెండు ప్లయర్లు తీసుకోండి. రింగు నోరు పైకి ఉండాలి. ఒక చేయి మీ వైపుకి, రెండో చేయి అవతలికి తిప్పండి, తలుపు తీసినట్టు. మూసేటప్పుడు అదే దారిలో వెనక్కి రండి, కానీ సరిగ్గా కలిసే చోట ఆపకండి. ఇటు కొంచెం దాటించి, అటు కొంచెం దాటించి, రెండు చివర్లూ ఒకదానికొకటి రాసుకుంటున్నట్టు చేతికి తెలిసినప్పుడు ఆపండి. తర్వాత గోరుతో తడమండి. గోరు ఎక్కడైనా ఆగితే అక్కడ దారం కూడా దూరుతుంది. బరువైన లాకెట్ అయితే సన్న రింగు అసలు వద్దు. తాళాల గుత్తికి ఉంటుందే, రెండు చుట్లది, అలాంటిదే చిన్న సైజులో దొరుకుతుంది, స్ప్లిట్ రింగ్ అంటారు. అది వేయండి.

ఇప్పుడు నేనేం చేస్తానంటే, దండ అయిపోగానే గోడ మేకుకి తగిలించి, కింద అరకేజీ కందిపప్పు ప్యాకెట్ కట్టి రాత్రంతా వదిలేస్తా. మా అమ్మ "పప్పుకి నగలేంటే" అంటుంది. అననీ.

ఇంకోటి, గేర్ వైర్. సన్నటి స్టీలు తీగల్ని కలిపి పైన నైలాన్ పూత వేస్తారు. చాలామంది దానికి ముడి వేస్తున్నారు. వేయకండి, ముడి దగ్గర మడత పడి అక్కడే తెగుతుంది. గేర్ లాక్ ఎక్కించి, వైర్‌ని రింగులోంచి తిప్పి, మళ్ళీ అదే లాక్‌లోంచి వెనక్కి తెచ్చి, లాక్‌ని ప్లయర్‌తో గట్టిగా నొక్కండి. మిగిలిన తోకని మూడు నాలుగు పూసల్లోకి దూర్చేయండి. పూసల్ని మరీ బిగించొద్దు, ఒక మిల్లీమీటరు వదులు ఉండాలి. బిగిస్తే దండ మెడ మీద కర్రలా నిలబడుతుంది, పూస అంచు వైర్‌ని కోస్తుంది కూడా. 18 అంగుళాల దండకి 22 నుంచి 24 అంగుళాల వైర్ కత్తిరించుకోండి. అసలు ముత్యాలైతే మాత్రం వైర్ కాదు, పట్టుదారమే. ముత్యానికీ ముత్యానికీ మధ్య ఒక ముడి వేస్తారు. దారం తెగినా ఒక్కటే పడుతుంది, ముత్యాలు ఒకదానికొకటి రాసుకోవు.

చెవి కమ్మల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ దెబ్బతినేది మన వస్తువు కాదు, వేరేవాళ్ళ చెవి. కాలేజీ అమ్మాయి ఒకామె నా దగ్గర జుంకాలు కొనుక్కుంది. మూడో రోజు ఫొటో పంపింది, చెవి తమ్మె ఎర్రగా వాచిపోయి ఉంది. డబ్బు తిరిగిచ్చేశా, సారీ చెప్పా. నేను కొన్న హుక్కులు బరువు లెక్కన అమ్మే చౌకరకం. అలాంటి వాటిలో నికెల్ ఉండొచ్చు, కొంతమంది ఒంటికి అది పడదు. అందుకే ఇప్పుడు పైన ఏం వేసినా, చెవి రంధ్రంలోకి వెళ్ళే ముక్క మాత్రం 92.5 వెండిదే వాడుతున్నా. జత ధర పెరుగుతుంది, ఆ మాట కొనేవాళ్ళకి ముందే చెప్తా. తీగతో హుక్కు మీరే చేస్తే, కత్తిరించిన కొసని సన్న ఎమరీ పేపర్‌తో గుండ్రంగా అయ్యేదాకా రుద్దండి. మీ పెదవి మీద రాసి చూసుకోండి, గీరుకుంటే ఇంకా రుద్దాలి.

తీగ కొనేటప్పుడు ఒక చిన్న విషయం. గేజ్ నంబర్ పెరిగేకొద్దీ తీగ సన్నమవుతుంది. పైగా గేజ్ లెక్కలు రెండున్నాయి. 20 గేజ్ అంటే ఒక లెక్కలో 0.81 మిల్లీమీటర్లు, ఇంకో దాంట్లో 0.91. ఆన్‌లైన్‌లో తీసుకుంటే మిల్లీమీటర్లే చూడండి. హుక్కుకి 0.8 సరిపోతుంది.

గమ్ము గురించి ఒక్క మాట. చిటికెలో అతుక్కునే రకం స్టోన్స్‌కి వాడితే చుట్టూ తెల్లటి పొగలా పట్టేస్తుంది, పోదు. బి-7000 లాంటిది వాడి ఒక రోజు ముట్టుకోకుండా వదిలేయండి. పనిముట్లకి ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. కట్టర్ ఒకటి, రౌండ్ నోస్ ఒకటి, ఫ్లాట్ నోస్ రెండు, అంతే. రెండెందుకో ఇందాక రింగు దగ్గర చూశారుగా. పూసలకి హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు బేగంబజార్ వెళ్ళండి, కానీ మొదటిసారి లిస్టు రాసుకుని వెళ్ళండి. నేను రింగుల కోసం వెళ్ళి, రింగులు తప్ప అన్నీ కొనుక్కొచ్చా.

ఆ దండ మొత్తం విప్పి మళ్ళీ చేసిచ్చాను. అక్క పెళ్ళిలో వేసుకోలేదు, నేనూ అడగలేదు. మొన్న సీమంతానికి తనే తీసి వేసుకుంది. నేనైతే ఫంక్షన్ అంతా తన మెడ వెనకాలే చూస్తూ కూర్చున్నా.

వచ్చే వారం టెర్రకోట జుంకాలు చేద్దాం. మట్టి కొని పెట్టుకోండి. ఉంటాను మరి.