తూటా ఎంపిక కూడా ప్రజల విషయమే

(మస్కట్‌లో శుక్రవారం జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా అంశం పేరు చూసి ఇద్దరు ముగ్గురు మిత్రులు ఫోన్ చేశారు. "ఏమండీ, మీరు నీళ్ల ప్రాజెక్టుల గురించో, ప్రవాసుల ఓటు గురించో మాట్లాడతారనుకున్నాం. పోలీసుల తూటాల గురించి మనకెందుకు?" అన్నారు. ఎందుకో చెప్పడానికే వచ్చాను.

నేను పోలీసును కాను. తుపాకి ముట్టుకున్నవాణ్ణి కూడా కాను. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడి చమురు క్షేత్రాల్లో సేఫ్టీ వాల్వులు పరీక్షించడం నా ఉద్యోగం. సేఫ్టీ వాల్వుకు పదేళ్లపాటు పని పడకపోవచ్చు. కానీ పడిన ఆ ఒక్కసారి సరిగ్గా తెరుచుకోవాలి. తెరుచుకోకపోయినా ప్రమాదమే, అక్కర్లేనప్పుడు తెరుచుకున్నా ప్రమాదమే. అందుకే ప్రతి వాల్వుకూ ఒక ట్యాగు ఉంటుంది. ఎప్పుడు పరీక్షించారో, ఎంత ఒత్తిడికి పరీక్షించారో, ఎవరు సంతకం పెట్టారో అందులో రాసి ఉంటుంది. పోలీసు నడుముకున్న పిస్తోలులోని తూటా కూడా అలాంటి వస్తువే. దానికి ట్యాగు ఎక్కడుంది అన్నదే ఇవాళ నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు 2024 జూలై 15 రాత్రి పుట్టింది. ఆ రాత్రి వాదీ కబీర్‌లో మసీదు దగ్గర ఆషూరా కోసం చేరిన జనం మీద ముగ్గురు కాల్పులు జరిపారు. మన పిల్లలు చాలామంది చదివే ఇండియన్ స్కూలు ఉన్న పేట అది. నలుగురు పాకిస్తానీయులు, ఒక భారతీయుడు, ఒక పోలీసు, మొత్తం ఆరుగురు చనిపోయారు. దాడి చేసిన ముగ్గురినీ పోలీసులు మట్టుబెట్టారు. ఒమన్‌లో ఇలాంటివి జరగవని నమ్మిన మనం ఆ రాత్రి పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఫోన్లు చూస్తూ గడిపాం. మనమిక్కడ అతిథులం, ఇక్కడి పోలీసుల పనిని తూకం వేయడం నా ఉద్దేశం కాదు. కానీ నిద్ర పట్టక ఆలోచించాను. జనం మధ్య నిలబడి కాలుస్తున్నవాణ్ణి ఆపాల్సిన పోలీసు చేతిలో ఎలాంటి తూటా ఉండాలి? మన ఊళ్లో అలాంటి రోజు వస్తే మన పోలీసు చేతిలో ఏముంటుంది?

రెండు రకాల తూటాలు

మామూలు తూటా అంటే సీసపు గుండు చుట్టూ రాగి తొడుగు, మొన గుండ్రంగా గట్టిగా ఉంటుంది. అది మనిషి శరీరంలోంచి దూసుకుపోయి అవతల ఉన్నవాడికి కూడా తగలవచ్చు. హాలో పాయింట్ తూటాకు మొనలో చిన్న గుంట ఉంటుంది. ఒంట్లోకి దిగగానే ఆ గుంట ఒత్తిడికి విచ్చుకుని తూటా పుట్టగొడుగులా వెడల్పవుతుంది. తొమ్మిది మిల్లీమీటర్ల తూటా సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. వెడల్పయ్యేసరికి వేగం తగ్గి చాలావరకు ఒంట్లోనే ఆగిపోతుంది. అంటే వెనకాల ఉన్నవాడికి ముప్పు తగ్గుతుంది, ఎదుటివాడు తొందరగా ఆగుతాడు, తక్కువ తూటాలతో పని ముగిసే అవకాశం ఉంటుంది.

దీని చరిత్ర మన గడ్డ మీదే మొదలైంది. 1890లలో కలకత్తా దగ్గర డమ్ డమ్ ఆయుధ కర్మాగారంలో బ్రిటిష్ వాళ్లు మొన మెత్తగా ఉండే రైఫిల్ తూటా తయారుచేసి వాయవ్య సరిహద్దు తెగల మీద వాడారు. 1899లో హేగ్ సమావేశం ఇలాంటి తూటాలను యుద్ధంలో నిషేధిస్తుంటే బ్రిటిష్ ప్రతినిధి సర్ జాన్ ఆర్డా అడ్డు చెప్పాడు. నాగరికుడైన సైనికుడు గాయపడితే ఆగుతాడనీ, అనాగరికుడు ఆగడనీ ఆయన వాదన. ఆ అనాగరికులం ఎవరమో వేరే చెప్పక్కర్లేదు. తూటా ఎంపిక వెనక ఎప్పుడూ ఒక ప్రశ్న ఉంటుంది: ఎవరి ఒంటిని దృష్టిలో పెట్టుకుని ఎంచుతున్నాం?

యుద్ధంలో నిషేధించిన తూటాను ఊళ్లో పోలీసుకు ఇవ్వడమేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. హేగ్ ప్రకటన యుద్ధానికి సంబంధించినది. నాడు వాళ్ల కళ్ల ముందున్నది సెకనుకు ఆరేడు వందల మీటర్ల వేగంతో పోయే రైఫిల్ తూటా. పిస్తోలు తూటా వేగం అందులో దాదాపు సగం. పైగా యుద్ధభూమిలో సైనికుడి వెనక కూరగాయల బండి ఉండదు. బజారులో ఉంటుంది. అందుకే అమెరికాలోనూ యూరపులో అనేక దేశాల్లోనూ పోలీసులు ఈ రకానికి మారారు. న్యూయార్కు పోలీసులు మారతామని 1998లో ప్రకటించారు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు 2011లో ప్రకటించారు.

నమ్మకం పరీక్షలోంచి రావాలి

ఇక్కడ నా వృత్తి గుర్తొస్తుంది. హాలో పాయింట్ అని పెట్టె మీద రాసి ఉంటే చాలదు. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లకూ ఇద్దరు బ్యాంకు దొంగలకూ మధ్య కాల్పులు జరిగాయి. ఒక ఏజెంటు కాల్చిన హాలో పాయింట్ తూటా ఒక దొంగ చేతిలోంచి ఛాతీలోకి దిగి గుండె దాకా చేరకుండానే ఆగిపోయింది. ఆ గాయంతోనే వాడు పోరాడి ఇద్దరు ఏజెంట్లను చంపాడు. తూటా చక్కగా విచ్చుకుంది, కానీ లోతు చాలలేదు.

ఆ దెబ్బతో ఎఫ్‌బీఐ ఒక పరీక్షా పద్ధతి తయారుచేసింది. మనిషి కండకు దగ్గరగా ఉండే పది శాతం జెలటిన్ దిమ్మలోకి కాలుస్తారు. ముందు ఉత్త దిమ్మ, తర్వాత వరసగా మందపాటి బట్టలు, ఉక్కు రేకు, గోడ పలక, ప్లైవుడ్, కారు అద్దం అడ్డం పెట్టి కాలుస్తారు. తూటా 12 అంగుళాలకు తక్కువ పోకూడదు, 18 అంగుళాలు దాటకూడదు. తక్కువైతే నేరస్థుడు ఆగడు, ఎక్కువైతే వెనకవాడికి తగులుతుంది. ఈ కొలతల మధ్య తయారీదార్లు పోటీపడి తూటాలు మెరుగుపరిచారు. పెద్ద తూటాలకు పోయిన ఎఫ్‌బీఐ కూడా గత దశాబ్దంలో మళ్లీ తొమ్మిది మిల్లీమీటర్లకే వచ్చింది.

ఇంకా చిన్న చిన్న లోపాలు ఉంటాయి. మొనలో గుంట ఉన్న తూటా కొన్ని పాత పిస్తోళ్లలో మేగజైన్ నుంచి గొట్టంలోకి ఎక్కేటప్పుడు అంచు తగిలి ఇరుక్కుంటుంది. అందుకని ఎవరి పిస్తోలులో ఏ తూటా వాడతారో ఆ పిస్తోలులోనే వందల సంఖ్యలో కాల్చి చూడాలి. గుంటలో బట్ట పీలిక కూరుకుంటే తూటా విచ్చుకోకపోవచ్చు. ఇక రోజూ డ్యూటీ దిగగానే పైనున్న తూటా తీసి, మర్నాడు మళ్లీ అదే ఎక్కిస్తుంటే ఆ కుదుపులకు గుండు కేసులోకి కొద్దికొద్దిగా దిగిపోతుంది. అలాంటిది పేలితే ఒత్తిడి హద్దు దాటి పిస్తోలే దెబ్బతినవచ్చు. చెమట, నూనె, ఎండ కూడా శత్రువులే. జూన్ నెలలో మన కారు లోపల ఎంత వేడి ఉంటుందో మస్కట్‌లో మీకు చెప్పాలా? అలాంటి జీపులో నెలల తరబడి పడి ఉన్న తూటాను నమ్మకూడదు. డ్యూటీ తూటాలను గడువు పెట్టి మార్చాలి. పాతవాటిని ప్రాక్టీసులో కాల్చేయాలి.

మా మేనమామ ఒక జిల్లాలో హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యాడు. ఇవన్నీ చెబితే ఆయన నవ్వాడు. "ఒరేయ్ అల్లుడూ, మాకు లెక్కలో తక్కువ రాకూడదన్నదే భయం. ఇచ్చిన తూటాలు ఇచ్చినట్టు తిరిగి అప్పజెబితే మంచి కానిస్టేబులు. అది పేలుతుందో లేదో ఎవడికి కావాలి?" అన్నాడు. ఒక్క మాటలో మొత్తం చెప్పేశాడు.

తూటా మంచిదైతే చాలదు

అయితే ఇక్కడ రెండు హెచ్చరికలు చెప్పాలి. 2012 ఆగస్టు 24న న్యూయార్కు ఎంపైర్ స్టేట్ భవనం ముందు ఇద్దరు పోలీసులు ఒక హంతకుడి మీద 16 సార్లు కాల్చారు. దారిన పోయే తొమ్మిది మంది గాయపడ్డారు. అందరూ పోలీసు తూటాల వల్లనో వాటి ముక్కల వల్లనో గాయపడ్డవాళ్లే. గురి తప్పిన హాలో పాయింట్ తూటా ఎవరి ఒంట్లోనూ ఆగదు. రోడ్డుకో గోడకో తగిలి చిట్లుతుంది.

రెండోది మరీ విషాదం. 2005 జూలై 22న లండన్ స్టాక్‌వెల్ స్టేషన్లో జాన్ చార్లెస్ డి మెనెజెస్ అనే బ్రెజిల్ యువకుణ్ణి ఉగ్రవాది అనుకుని తలలో ఏడుసార్లు కాల్చారు. వాడినవి హాలో పాయింట్ తూటాలే. అవి చేయాల్సిన పని చేశాయి. తప్పు జరిగింది మనిషిని గుర్తించడంలో. ఎవరి మీద, ఎప్పుడు కాల్చాలన్న తప్పును ఏ తూటా దిద్దలేదు.

మన సంగతి

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపుకు వ్యతిరేకంగా అసెంబ్లీ వైపు బయలుదేరిన ఊరేగింపు మీద హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు. నేనప్పుడు అదే నగరంలో ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాణ్ణి. ఆ సాయంత్రం గదికి నడిచి వెళ్తుంటే దారి పొడవునా జనం ఒకటే మాట, ఎంతమంది పోయారని. 2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో, భూమి కోసం ఇచ్చిన బంద్ పిలుపు రోజున, ఏడుగురు చనిపోయారు. ఒకటి తెలుగుదేశం హయాంలో, రెండోది కాంగ్రెస్ హయాంలో. కాబట్టి దీన్ని ఏ పార్టీ మీదా నేను రుద్దడం లేదు.

మన దేశంలో బందోబస్తుకు వచ్చే సాయుధ పోలీసు చేతిలో ఎక్కువగా కనిపించేది రైఫిలే. పాత .303, తర్వాత ఎస్సెల్లార్, ఇన్సాస్. అన్నీ సైన్యం కోసం పుట్టినవి. ఉత్తరప్రదేశ్ పోలీసులు .303కు వీడ్కోలు పలికిందే 2020 జనవరిలో. ఆ తూటా కిలోమీటరు దూరంలో కూడా మనిషిని చంపగలదు, దగ్గరలో అయితే మనిషిని దాటి వెనకవాడి దాకా పోతుంది. దాన్ని యుద్ధం కోసం ఎంచారు. బజారు కోసం ఎవరూ ఎంచలేదు, సైన్యం నుంచి వారసత్వంగా వచ్చిందంతే.

నా మాటను అపార్థం చేసుకోవద్దు. జనం మీద కాల్చడానికి హాలో పాయింట్ ఇమ్మని నేను అడగడం లేదు. నిరసనకారుల గుంపు మీద వాడదగ్గ మంచి ప్రాణాంతక తూటా అంటూ ఏదీ లేదు. ఎదుటివాడు ప్రాణం తీయబోతున్నప్పుడు, వేరే దారి లేనప్పుడు, ఒక్క మనిషిని ఆపడానికి మాత్రమే తుపాకి. ఆ ఒక్క సందర్భానికైనా పరీక్షించిన తూటా ఉండాలి. 1990లో హవానాలో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి సూత్రాలు కూడా అనవసరమైన గాయం చేసే, అనవసరమైన ముప్పు తెచ్చే తుపాకులనూ తూటాలనూ నిషేధించమంటాయి. ఏది అనవసరమో తేల్చాలంటే పరీక్ష జరగాలి, ఫలితం బయటకు రావాలి.

కాబట్టి మన ఫోరం తరఫున రెండు రాష్ట్రాల శాసనసభ్యులకు పంపడానికి మూడు ప్రతిపాదనలు మీ ముందు పెడుతున్నాను.

ఒకటి, పట్టణాల్లో సభలు, ఊరేగింపుల బందోబస్తు ముందు వరసలో సైనిక రైఫిళ్లు ఉండకూడదు.

రెండు, పోలీసు పిస్తోళ్ల తూటాలకు రాతపూర్వకమైన ప్రమాణం ఉండాలి. లోతు, విచ్చుకోవడం, ఇరుక్కోకుండా పనిచేయడం, మన ఎండకు తట్టుకోవడం ఇవన్నీ స్వతంత్ర ఫోరెన్సిక్ ల్యాబులో పరీక్షించాలి. కొత్త సరుకు వచ్చిన ప్రతిసారీ నమూనా తీసి చూడాలి.

మూడు, కాల్పులు జరిగిన ప్రతిసారీ ఏ తూటా, ఎన్ని కాల్చారు, ఎన్ని తగిలాయి, ఎన్ని ఇతరులకు తగిలాయి అన్న లెక్క ఏటా సభలో పెట్టాలి. న్యూయార్కు పోలీసులు దశాబ్దాలుగా కాల్పులపై వార్షిక నివేదిక ఇస్తున్నారు. మనకెందుకు సాధ్యం కాదు?

ఏ స్టేషన్లో ఎన్ని తూటాలున్నాయో మనం అడగడం లేదు. అది రహస్యంగానే ఉండనివ్వండి. ఏ కొలతతో ఎంచారన్నది మాత్రమే అడుగుతున్నాం. ఆ తూటాను కొన్నది మన పన్ను డబ్బుతో. అది వెళ్లేది మన అన్నదమ్ములున్న వీధిలోకి. దాన్ని పట్టుకుని నిలబడ్డ కానిస్టేబులు కూడా మనవాడే. పని పడిన రోజున అది ఇరుక్కుంటే పోయేది అతని ప్రాణమే.

ప్రతిపాదనల ప్రతులు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. చదివి, ఒప్పుకోదగ్గవైతేనే సంతకం చేయండి. తప్పులుంటే ఇప్పుడే నిలదీయండి, దిద్దుకుందాం.