డాబా మీది సున్నం

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీకు, వెనక వరసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకు అభినందనలు.

మీలో చాలామంది రేపో మాపో గుంటూరుకో హైదరాబాదుకో రైలెక్కుతారు. తక్కువ అద్దెకు దొరికేది పై అంతస్తు గదో, రేకుల షెడ్డో. రెంటచింతల ఎండలు ఎరిగిన పల్నాటివాళ్లం, వేడి మనకు కొత్త కాదు. అయితే ఇక్కడ రాత్రికి ఆరుబయట మంచం వాల్చుకుంటాం; బస్తీలో ఆ జాగా ఏదీ? పగలంతా కాగిన స్లాబు తెల్లవార్లూ ఆ సెగను గదిలోకే వదులుతుంది.

హైదరాబాదు దేవరకొండ బస్తీలో 2017లో 25 ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూశారు. నగరపాలక సంస్థ, ట్రిపుల్ ఐటీ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ (ఆస్కీ) అందులో చేయి కలిపాయి. పొర లేని ఇళ్లకన్నా గదుల్లో వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండేనా అని పెదవి విరవకండి. ఆ గదిలో పసిబిడ్డను నిద్రపుచ్చే తల్లినడగండి, చెబుతుంది. తర్వాత 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం వచ్చింది. ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని లక్ష్యం.

కాగితం మీద బాగానే ఉంది. కానీ అద్దెకున్నాయన ‘ఇల్లు నాదా?’ అంటాడు. ఇంటాయన ‘ఉండేది నేనా?’ అంటాడు. డాబా మాత్రం నల్లగానే ఉంటుంది. ఈ ముడి విప్పడం ఒక్క ఇంజనీరు వల్ల కాదు. పట్టణాల్లో పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద నడిచే పొదుపు సంఘాల ఆడవాళ్లు తలుచుకుంటే విప్పగలరని నా నమ్మకం. ఒక్కరు అడిగితే విసుక్కునే ఇంటాయన, వీధి వీధంతా గుమ్మంలో నిలబడితే మాట వింటాడు. సరుకు, కూలి కలిపి మాట్లాడుకుంటే తలా కొంచెమే పడుతుంది.

తెల్లటి పూతకు సరుకంటారా, పిడుగురాళ్ల సున్నం మనది. డాబా ఊడ్చి కడగాలి, నానిన సున్నాన్ని వడగట్టాలి, బంక కలిపి రెండు పూతలు వేయాలి. వానకు కొంత పోతుంది, వడియాలు ఆరబోసే తొక్కిడికి ఇంకొంత. అందుకే ఏటేటా వేయాల్సిందే. ఈ పూతతో మంచినీళ్ల కొరత తీరదు, చెట్టు నీడా రాదు. వాటి కోసం అదే సంఘం మునిసిపాలిటీ గుమ్మం తొక్కాలి. అర్జీ రాసిపెట్టడానికి మీ చదువు అక్కడ పనికొస్తుంది.

కొత్త ఊళ్లో గదిలో దిగగానే పక్కింటి పిన్నిగారిని పలకరించండి, సంఘం ఎప్పుడు కూర్చుంటుందో కనుక్కోండి. సంక్రాంతి వెళ్లగానే డాబా సంగతి ఎత్తండి. ఉగాదికల్లా పూత ఆరాలి. వైశాఖంలో డాబా ఎక్కితే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి.