తొలకరిలో చీమల రాణి
(ప్రసంగ పాఠము)

తొలకరి వాన వెలసిన సాయంకాలమున దీపము చుట్టును రెక్కల పురుగులు మూగుట మనమందరము ఎరిగినదే. మరునాటి ఉదయమున వాకిట రాలిన రెక్కలు కుప్పలుగా కనిపించును. వానినన్నిటిని ఉసిళ్ళని ఒక్క పేరుతో పిలిచి ఊడ్చి పారవేయుదుము. కాని ఆ కుప్పలో రెండు వైరి కులములు కలిసియుండవచ్చును. ఒకటి వాసములను, పుస్తకములను తినివేయు చెదల కులము, అసలు ఉసిళ్ళివియే. రెండవది చీమల కులము. చీమలలో పెక్కు జాతులు చెదలకు బద్ధశత్రువులు. కనుక ఏది శత్రువో, ఏది శత్రువునకు శత్రువో తెలిసికొనుట గృహస్థునకు అవసరము.

మొదట మీసములను చూడవలెను. రాణి చీమ మీసము మోచేయివలె వంగియుండును. ఉసిలి మీసము పూసల దండవలె తిన్నగా ఉండును. పిమ్మట నడుము. చీమ నడుము మిక్కిలి సన్నము. ఉసిలికి నడుమే లేదనవచ్చును. రెక్కలు ఇంకను ఉన్నచో, చీమకు ముందు జత పెద్దది, వెనుక జత చిన్నది. ఉసిలికి నాలుగును సమానము.

చీమయని తేలిన పిమ్మట, అది రాణియా, శ్రామికయా, మగదియా అనునది రెండవ ప్రశ్న. పెద్దదే రాణియని పలువురి భ్రమ. చక్కెర డబ్బాలో చేరు చిన్న చీమల రాణి సుమారు 4 మిల్లీమీటర్లుండును. గండుచీమలలో పెద్ద శ్రామిక 1 సెంటీమీటరును మించియుండును. కావున చూడవలసినది వక్షము, అనగా తలకును నడుమునకును మధ్యనున్న భాగము. రెక్కల నాడించు కండరములు నిండియుండుటచే రాణికి ఆ భాగము మూపువలె ఉబ్బియుండును. శ్రామికకు సన్నగా ఉండును. నేల వ్రాలిన రాణి తన రెక్కలను తానే విరిచివేసికొనును. విరిగిన చోట్ల ఇరుప్రక్కల చిన్న మచ్చలు మిగులును. భూతద్దముతో చూచినచో నడినెత్తిన మూడు చిన్న కన్నులు త్రికోణముగా కనిపించును. మగచీమకును రెక్కలుండును గాని, దాని తల చిన్నది, దేహము కృశించినట్లుండును. అది కొలది కాలములోనే మరణించును.

ఇక జాతి నిర్ణయమునకు నడుము కణుపులను లెక్కింపవలెను. ఒక్క కణుపుండి, కొండి లేనిచో గండుచీమల కుటుంబము కావచ్చును. ఇవి ఫార్మిక్ ఆమ్లమును చిమ్మును. మామిడి తోటలలో ఆకులను పట్టుదారముతో కూర్చి గూడు కట్టు ఎర్రచీమలును ఈ కుటుంబమువే. వాని రాణి ఎర్రగా నుండక ఆకుపచ్చ ఛాయతో నుండుట వింత. 1775లో ఈ చీమకు పేరిడిన ఫాబ్రిసియస్ మరకతమును స్ఫురింపజేయు పదమునే ఎన్నుకొనెను. రెండు కణుపులున్నచో చక్కెర చీమలు, కుట్టెడి చిన్న ఎర్రచీమలు మొదలగు వాని కుటుంబము. ఒక్క కణుపుతోపాటు ఉదరమున ఒక నొక్కు, చివర కొండి ఉన్నచో అది వేటచీమ కావచ్చును. దానిని వట్టి చేతితో ముట్టరాదు.

ఉష్ణదేశములలో ఇంకొక చిక్కు కలదు. వేటచీమలలో డయకమ్మా అను తెగకు రెక్కల రాణియే లేదు. శ్రామికలలో ఒకటి గ్రుడ్లు పెట్టి వంశమును నిలుపును. గెంతుచు వేటాడు హార్పెగ్నాథస్ చీమలలో రాణి మరణించినచో శ్రామికలు పోటీపడి, గెలిచినవి ఆ పనికి పూనుకొనును. ఈ గెంతు చీమను 1851లో వర్ణించినవాడు, నెల్లూరిలో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్.

పట్టిన రాణికి తొందరపడి పేరు పెట్టరాదు. గాజు గొట్టములో కొంత నీరు పోసి, దూదితో బిగించి, రాణిని విడిచి, మూతివద్ద పొడి దూది పెట్టి చీకటిలో ఉంచవలెను. గండుచీమ రాణి ఆహారము లేకయే, తన రెక్కల కండరములను కరిగించుకొని తొలి సంతానమును పెంచును. వేటచీమల రాణులు పెక్కింటికి మాత్రము ఆహారమీయవలెను. కొన్ని వారములకు శ్రామికలు పుట్టును. 1903లో వెలువడిన బింగ్‌హామ్ గ్రంథము మొదలుకొని చీమల వర్ణనలు హెచ్చుగా శ్రామికలను ఆధారము చేసికొన్నవే గనుక, జాతి నిర్ణయము అప్పుడు సుకరమగును.

పరిశీలన ముగిసిన పిమ్మట రాణిని పట్టినచోటనే విడువవలెను, పొరుగూరికి కొనిపోరాదు. అమెరికా ఉష్ణమండలమునకు చెందిన కుట్టెడి ఎర్రచీమ ఒకటి మనుష్యుల సరకులతో ప్రయాణించి మన దేశమున స్థిరపడినది. నేడు దానిని వెడలగొట్టుట ఎవరి తరము? తొలకరినాడు వాకిట ప్రాకు ఒక్క రాణి కడుపున రాబోవు పుట్టయంతయు ఉన్నది. చీపురు ఎత్తుటకు ముందు మీసము, నడుము, వక్షము ఒక్క నిమిషము పరికించినచో, పోగొట్టవలసినదేదో, పోనీయవలసినదేదో తెలియును.