పొలుసుల జబ్బు అంటుకోదు



ఈ రోజు సోరియాసిస్ గురించి మాట్లాడుకుందాం. మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో ఎర్రని మచ్చలు వస్తాయి. తెల్లని పొలుసులు రాలుతుంటాయి. అదే సోరియాసిస్.

మన పైచర్మం సుమారు నెలకోసారి కొత్తగా తయారవుతుంది. ఈ జబ్బులో వారం తిరక్కుండానే తయారవుతుంది. అందుకే పొలుసులు కడతాయి.

ఇది వంశంలో వస్తుందా? అమ్మానాన్నల పోలికలు వచ్చినట్టే ఈ గుణమూ రావచ్చు. దాన్ని మోసుకొచ్చేవి జన్యువులు. అయితే గుణం ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరదు. అచ్చు గుద్దినట్టుండే కవలల్లో ఒకరికి వచ్చి, ఇంకొకరికి రాకపోవచ్చు. విత్తనం ఉంటే చాలదు, మొలవడానికి పదును కావాలి గదా! గొంతునొప్పి, దెబ్బలు, దిగులు, సారా, బీడీ ఆ పదునులాంటివి.

మరి కొన్ని ఇళ్లల్లో వీళ్లకు కంచం వేరు, గ్లాసు వేరు. పిల్లకు సంబంధం వస్తే "వాళ్లమ్మకు మచ్చలున్నాయి" అని వెనక్కి పోతారు. ఇది న్యాయమేనా? తల్లికో తండ్రికో ఒక్కరికే ఉంటే, పిల్లల్లో ఎక్కువమందికి ఈ జబ్బు రాదు. తాకితే, కలిసి తింటే ఎవరికీ రాదు. ఇది అంటుజబ్బు కాదని 2014లో ప్రపంచ ఆరోగ్య సభ కూడా తీర్మానంలో రాసింది.

పూర్తిగా పోగొట్టే మందు లేదు. అదుపులో పెట్టే మందులున్నాయి. పసర్లు పూయకండి. చర్మం డాక్టరుకు చూపించండి. కీళ్లు నొప్పి పుడుతుంటే అదీ చెప్పండి.

ఇవాళే ఆ వేరు కంచం తీసేయండి. అందరితో కలిపి వడ్డించండి.